గుంటూరు నల్లరేగడిలో పాతకాలపు గులాబీలు, అరుదైన ఏకవార్షిక పూలు: ఒక పెరటి తోట కేస్ స్టడీ

గుంటూరు ఊరి అంచున, అమరావతి రోడ్డు నుంచి కాస్త లోపలికి, పన్నెండు సెంట్ల ఆవరణలో ఉన్న ఒక ఇంటి పెరటిని మూడేళ్లలో గులాబీ తోటగా తీర్చిన పని గురించి ఈ వివరణ. ఇంటి యజమానురాలు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయిని. వాసన ఉన్న గులాబీలు కావాలని, ఏటా రోహిణి కార్తెలో మాడిపోయి కార్తీక మాసంలో మళ్లీ కొనుక్కోవలసిన మొక్కలు ఇక వద్దని ఆవిడ మొదటి మాటగా చెప్పారు. అంతకుముందు ఎన్నో ఏళ్లుగా హైబ్రిడ్ టీ అనే ఆధునిక సంకర గులాబీలు తెచ్చి నాటుతూ, శ్రద్ధగా నీరు పోస్తూ, ఎరువు వేస్తూ వచ్చారు. లోపం ఆవిడ సంరక్షణలో లేదు, మొక్కల ఎంపికలో ఉంది. ఏ వంశపు గులాబీ ఎలాంటి వాతావరణం నుంచి వచ్చిందో, ఏ వేళ్ల మీద నిలబడిందో చూసి ఎంచుకుంటే గుంటూరు ఎండలో, నల్లరేగడిలో కూడా గులాబీ ఏళ్ల తరబడి బతుకుతుంది. గులాబీ అలసిపోయే నెలలను ఏకవార్షిక పూలమొక్కలకు అప్పగిస్తే ఏడాది పొడవునా తోటలో పూలుంటాయి. ఈ రెండు విషయాలకూ ఈ పెరడు మంచి ఉదాహరణ కనుక వివరంగా రాస్తున్నాను.

ముందున్న స్థితి

పెరట్లో పాత గులాబీ గుంటలు వరుసగా ఉన్నాయి. చాలావాటిలో అంటు ఎండిపోయి మోడు మిగిలింది. అయితే రెండు గుంటల్లో అంటు కట్టిన చోటుకు కింది నుంచి లేచిన కొమ్మలు నిలువెత్తు పెరిగి, గులాబీ రంగు ముద్దపూలు గుత్తులుగా పూస్తున్నాయి. ఇంట్లోవాళ్లు దాన్ని పిచ్చి గులాబీ అంటున్నారు. తోటపనికి వచ్చే మనిషి నరికేయబోతే, వాసన బాగుందని యజమానురాలే ఆపారు. దక్షిణ భారతంలో గులాబీ అంట్లకు అడుగున వేళ్లనిచ్చే వేరుమొక్కగా విస్తారంగా వాడే ఎడ్వర్డ్ గులాబీ అది. పైన కట్టిన రకం చనిపోయింది. కింద ఉన్నది అదే నేలలో, అదే నీటితో, అదే ఎండలో బతికి పూసింది. ఈ పెరటికి ఎలాంటి గులాబీలు తగినవో ఆ రెండు మొక్కలను చూసి నిర్ణయించుకున్నాం.

ఎడ్వర్డ్ గులాబీ కథ తెలిస్తే ఆ నిర్ణయానికి కారణం అర్థమవుతుంది. హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిని ఒకప్పుడు బోర్బన్ దీవి అనేవారు. అక్కడ పొలాలకు కంచెగా చైనా గులాబీని, ఏడాదిలో రెండోసారి కూడా పూసే ఆటమ్ డమాస్క్ గులాబీని పక్కపక్కనే పెంచేవారు. ఆ రెండింటి మధ్య సహజంగా జరిగిన సంకరం 19వ శతాబ్దం తొలినాళ్లలో కంటబడింది. దాని విత్తనాలు ఫ్రాన్సుకు చేరాక బోర్బన్ గులాబీలనే పెద్ద వంశం బయలుదేరింది. ఎడ్వర్డ్ ఆ తొలి తరం మొక్క. డమాస్క్ నుంచి వాసన, చైనా గులాబీ నుంచి మళ్లీ మళ్లీ పూసే గుణం, వేడికి ఓర్చుకొనే గుణం దానికి వచ్చాయి. మన వైపు చాలామంది పన్నీరు గులాబీ అని పిలిచేది కూడా దీన్నే. కోసిన పూటే దాని రేకలు రాలడం మొదలవుతుంది కాబట్టి దండల వ్యాపారంలో గట్టి రేకల రకాలు దాన్ని వెనక్కి నెట్టాయి. పెరటి తోటకు ఆ గుణం అడ్డం కాదు. ఉదయం కోసి దేవుడి దగ్గర పెట్టుకొనే ఇంటికి అంతకన్నా మంచి గులాబీ మరొకటి లేదని నా అభిప్రాయం.

నేల, నీరు

పైన నల్లరేగడి, రెండడుగుల లోతు నుంచి సున్నపు గుళ్లు. మట్టి పరీక్షలో క్షారగుణాన్ని చూపే పీహెచ్ 8 దాటింది. బోరు నీరు కొంత ఉప్పన, దానికితోడు బైకార్బొనేట్లు ఎక్కువ. నీరు పోసిన కుండీల అంచుల మీద తెల్లని పొర గట్టిగా పేరుకొని ఉంది. ఇలాంటి నేలలో ఇనుము ఉన్నా వేళ్లు దాన్ని తీసుకోలేవు. లేత ఆకుల ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పసుపుగా, ముదిరితే తెల్లగా మారుతుంది. రోజా మల్టీఫ్లోరా వేరుమొక్క మీద కట్టిన అంట్లలో ఈ పాలిపోవడం మరీ త్వరగా కనిపిస్తుంది. ఆకు పాలిపోయిన మొక్క మే నెలలో 44, 45 డిగ్రీల ఎండను తట్టుకోలేదు. పల్నాటి వైపు రెంటచింతల వంటి ఊళ్లలో ఎండ ఇంతకన్నా తీవ్రంగా ఉంటుంది కనుక అటువైపు తోట వేసుకొనేవారు ఈ విషయాన్ని మరింత గట్టిగా పట్టించుకోవాలి.

నీటి విషయంలో మరో చిక్కు ఉంది. నల్లరేగడిలో రెండడుగుల గుంట తవ్వి, అందులో ఎర్రమట్టి, పశువుల ఎరువు నింపి గులాబీ నాటడం ఇక్కడ అందరికీ అలవాటు. చుట్టూ ఉన్న జిగట మట్టి నీటిని వదలదు, మధ్యలోని ఎర్రమట్టి మాత్రం నీటిని వేగంగా పీల్చుకుంటుంది. అందువల్ల అక్టోబరు, నవంబరు వాయుగుండాల వానలకు ఆ గుంట అడుగున రంధ్రం లేని తొట్టిగా మారి రోజుల తరబడి నీరు నిలుస్తుంది. అప్పుడు కుళ్లిన పీచువేళ్లు బయటికి కనిపించవు. మొక్క పైకి బాగానే ఉండి, మార్చిలో ఎండ ముదరగానే కొమ్మలు చివరల నుంచి కిందికి ఎండుతూ వస్తాయి. యజమానురాలు ఎండదెబ్బ అనుకున్న చావుల్లో చాలా వాటికి బీజం అంతకు ముందరి వానాకాలంలోనే పడింది.

అందుకని గుంటలు పూర్తిగా మానేశాం. నేలను ఒక అడుగు లోతు గుల్లచేసి, దాని మీద అడుగున్నర ఎత్తున మళ్లు కట్టాం. రెండు పాళ్లు ఎర్ర గరప మట్టి, ఒక పాలు అక్కడి నల్లమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, కొంత ముతక ఇసుక కలిపాం. నల్లమట్టిని పూర్తిగా తీసేయకుండా కలపడానికి కారణం, అది తేమను, పోషకాలను పట్టి ఉంచుతుంది. కింద ఉన్న నేలకు, పైన వేసిన మట్టికి మధ్య ఒక్కసారిగా తేడా లేకుండా చేస్తుంది. వేపపిండి కలిపాం. ఎముకల పొడి వేయలేదు. ఇంత క్షారగుణమున్న నేలలో అందులోని భాస్వరం మొక్కకు దాదాపు అందదు. మున్సిపల్ కుళాయికి వచ్చే కృష్ణా నీటిని గులాబీలకు కేటాయించి, బోరు నీటిని ఉప్పుకు ఓర్చుకొనే మొక్కలకు మళ్లించాం.

గులాబీల ఎంపిక

లా ఫ్రాన్స్ అనే గులాబీ 1867లో వచ్చింది. దాన్ని తొలి హైబ్రిడ్ టీగా లెక్కిస్తారు. అప్పటికే ఉన్న వంశాలన్నిటినీ కలిపి పాతకాలపు గులాబీలంటారు. ఇక్కడ చూడవలసింది మొక్క వయసు కాదు, వంశం. 1910లో వచ్చిన లేడీ హిల్లింగ్డన్ కూడా టీ వంశానిది కనుక పాతకాలపు గులాబీయే. అయితే పాతకాలపువన్నీ మనకు పనికిరావు. గాలికా, ఆల్బా, సెంటిఫోలియా, వేసవి డమాస్క్ వంశాలు చలిదేశపు మొక్కలు. చలికాలంలో తగినంత చలి తగిలితేనే అవి వసంతంలో ఒకసారి పూస్తాయి. గుంటూరులో డిసెంబరు రాత్రి కూడా సాధారణంగా 17, 18 డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ మొక్కలు ఇక్కడ ఆకులు వేసుకుంటూ ఏళ్లు గడుపుతాయే తప్ప పూయవు. అత్తరు గులాబీ కావాలని, కన్నౌజ్‌లోనూ పుష్కర్‌లోనూ పండినది ఇక్కడ ఎందుకు పండదని యజమానురాలు అడిగారు. ఉత్తరాది మైదానాల్లో చలికాలపు రాత్రులు మన రాత్రుల కన్నా చాలా చల్లన. అక్కడ కూడా ఆ డమాస్క్ ప్రధానంగా మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒక్క విడతే పూస్తుంది. ఈ సంగతి విన్నాక ఆవిడ ఆ కోరిక వదులుకొని, ఆ వాసనలో వాటా ఉన్న ఎడ్వర్డ్‌ను ముఖ్యమైన మొక్కగా ఒప్పుకున్నారు.

మనకు తగినవి చైనా వంశపు రక్తం ఉన్నవి: చైనా, టీ, నాయిజెట్, బోర్బన్ గులాబీలు. చాలా గులాబీల్లో కేఎస్ఎన్ అనే జన్యువు పూతను అణచి ఉంచుతుంది. చైనా గులాబీలో ఆ జన్యువు మధ్యలో వేరే డీఎన్‌ఏ ముక్క చొరబడి దాని పని ఆపేసింది. కనుక కొత్త కొమ్మ వచ్చిన ప్రతిసారీ దాని చివర మొగ్గ వస్తుంది, చలి కోసం ఎదురుచూడదు. 1790ల నుంచి యూరప్ తోటల్లో స్థిరపడిన చైనా గులాబీలు అక్కడి గులాబీల చరిత్రనే మార్చడానికి మూలం ఇదే. వెచ్చని దేశంలో పుట్టిన ఈ గుణం మన నేలకు అరువు సొత్తు కాదు, సహజమైన పొత్తు.

ఈ తోటలో నాటినవి ఇవి. పెరట్లో మిగిలిన ఎడ్వర్డ్ నుంచి తీసిన కొమ్మలతో ఒక పూర్తి వరుస వేశాం. లేత గులాబీ రంగు ఓల్డ్ బ్లష్, ముదురు ఎరుపు క్రామోయిజీ సుపీరియర్ అనే రెండు చైనా గులాబీలు, పసుపు పూవుగా విచ్చి సాయంత్రానికి గులాబీ రంగుకు, మర్నాటికి ఎరుపుకు మారే ఒంటి రేకల మ్యూటబిలిస్, టీ వంశం నుంచి లేడీ హిల్లింగ్డన్, 1897లో వచ్చిన గ్రూస్ ఆన్ టెప్లిట్జ్, తూర్పు వైపు పందిరి మీదికి 1864 నాటి నాయిజెట్ అయిన మరెషాల్ నీల్, 1843 నాటి బోర్బన్ అయిన సువెనీర్ ద లా మాల్‌మేజాన్. వీటికితోడు పిల్లలు ఇష్టపడతారని పచ్చ గులాబీ ఒకటి. దాని రేకలన్నీ ఆకుల్లా మారిపోయినవే.

సొంత వేళ్ల మొక్కలు

ఈ తోటలో అంటు మొక్క నాటకూడదని ముందే నిశ్చయించుకున్నాం. కడియం నర్సరీలలో కన్ను అంటు కట్టే పనితనం గొప్పది. హైబ్రిడ్ టీలకు అది అవసరం కూడా. చైనా, టీ, బోర్బన్ గులాబీలకు మాత్రం ఆ అవసరం లేదు. వాటి కొమ్మ ముక్కలు తేలికగా వేరు పోసుకుంటాయి. సొంత వేళ్ల మీద పెరిగిన మొక్క ఒక వేసవిలో నేల మట్టానికి ఎండిపోయినా, తొలకరికి కింది నుంచి లేచే పిలక అదే రకం పిలకగా ఉంటుంది.

పూత ముగిసి రేకలు రాలిన కొమ్మనే తీసుకోవాలి. పెన్సిలు మందం, జానెడు పొడవు, నాలుగు కణుపులు ఉండేలా కోసి, పై రెండు ఆకులు ఉంచి, కింది కణుపు కిందుగా ఏటవాలుగా కత్తిరించి, సగం ఇసుక, సగం కొబ్బరి పొట్టు నింపిన సంచుల్లో గుచ్చాం. నీడలో, పైన పాలిథిన్ కప్పి ఉంచితే నాలుగు నుంచి ఆరు వారాల్లో వేళ్లు వస్తాయి. జూలై చివర, మళ్లీ నవంబరు మొదట్లో తీసిన కొమ్మలు బాగా నాటుకున్నాయి. మార్చిలో తీసిన వాటిలో చాలావరకు పోతాయి కనుక ఆ నెలలో ఈ పని పెట్టుకోకూడదు. మరెషాల్ నీల్ కొమ్మ నుంచి వేరు పోసుకోవడానికి మొరాయిస్తుంది. దానికి నేల అంటు తొక్కడం మేలు. సొంత వేళ్ల మొక్క మొదటి ఏడాది అంటు మొక్క కన్నా చిన్నగా, నెమ్మదిగా ఉంటుంది. ఆ ఏడాది వచ్చిన మొగ్గలను ఎక్కువ భాగం తుంచేయమని యజమానురాలిని ఒప్పించడం ఈ పని మొత్తంలో అన్నిటికన్నా కష్టమైన భాగం. ఆవిడ ఒప్పుకొని తుంచారు. రెండో ఏడాది మొక్కలు నడుము ఎత్తుకు చేరడానికి అది ముఖ్య కారణం.

ఆకు పాలిపోవడం మొదటి చలికాలంలో కొంత కనిపించింది. ఇనుప లవణమైన అన్నభేది ద్రావణాన్ని లీటరు నీటికి 5 గ్రాముల చొప్పున, నిమ్మ ఉప్పు చిటికెడు కలిపి సాయంత్రం ఆకుల మీద చల్లితే పైపైన తేరుకుంటుంది, కొత్త ఆకు మళ్లీ పసుపుగా వస్తుంది. నేలలో వేయడానికి ఈడీటీఏ అనే పదార్థంతో బంధించిన ఇనుము ఈ పీహెచ్ దగ్గర నిలవదు. ఈడీడీహెచ్ఏ అనే దానితో బంధించినదే పనిచేస్తుంది. ఖరీదు ఎక్కువైనా దాన్ని మళ్లలో ఏడాదికి రెండు విడతలుగా ఇచ్చాం. ఎడ్వర్డ్, ఓల్డ్ బ్లష్ దాని అవసరం లేకుండానే పచ్చగా ఉన్నాయి.

కత్తిరింపులు

హైబ్రిడ్ టీలను మోకాలి ఎత్తుకు నరకడం, వేళ్లు బయటపెట్టి ఎండబెట్టడం అలవాటైన తోటమాలి చేత పాత గులాబీలకు కత్తెర పట్టించేటప్పుడు పక్కన నిలబడి చెప్పాలి. చైనా, టీ గులాబీలు తమ బలాన్ని పాత కొమ్మల్లో దాచుకుంటాయి. వాటిని పొట్టిగా నరికితే తిరిగి కోలుకోవడానికి ఏడాది పడుతుంది, కొన్నిసార్లు కోలుకోవు. ఎండిన కొమ్మలు, ఒకదానికొకటి రాసుకొనే కొమ్మలు తీసి, చివరలను మూడో వంతుకు మించకుండా కుదించాలి. కోతల మీద మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయాలి. ఎడ్వర్డ్, గ్రూస్ ఆన్ టెప్లిట్జ్ కాస్త గట్టి కత్తిరింపుకు ఓర్చుకుంటాయి. నవంబరు చివరి వారంలో ఈ పని చేస్తే సుమారు 45 నుంచి 50 రోజులకు, అంటే సంక్రాంతికి నిండు పూత వస్తుంది. గొబ్బెమ్మలకు పెరటి గులాబీలు కావాలని యజమానురాలు కోరినందువల్ల ఏటా అదే తేదీకి కట్టుబడ్డాం. ఎడ్వర్డ్ కొమ్మలు కొన్నిటిని పొడవుగా వదిలి, వంచి, మేకులతో నేలకు అణచి కట్టాం. అలా వంచిన కొమ్మ మీద ప్రతి కణుపు నుంచీ పూకొమ్మ వస్తుంది.

ఏకవార్షికాలు: వానాకాలం

గులాబీ మళ్ల మధ్య ఖాళీ నేల ఉంచకూడదు. ఎండ నేరుగా పడిన ఎర్రమట్టి మే నెలలో వేళ్లను ఉడికిస్తుంది. అలాగని బంతి, చామంతి మాత్రమే వేస్తే తోట పూల అంగడిగా ఉంటుందే తప్ప పెరడుగా ఉండదు. ఒకప్పుడు మన పెరళ్లలో ఉండి ఇప్పుడు నర్సరీల్లో దొరకని కొన్ని పూలను ఈ పని నెపంగా వెనక్కి తేవాలని నేను పట్టుబట్టాను.

వాటిలో మొదటిది మంకెన. పెదవుల ఎరుపుకు మన కావ్యాల్లో ఉపమానంగా వచ్చే ఈ పువ్వును చదివినవారు ఎందరో, చూసినవారు కొందరే. మందార కుటుంబానికి చెందిన ఏకవార్షికం. తన ప్రజాతిలో ఇదొక్కటే జాతి. తేమ నేలలో, వరిమళ్ల గట్ల దగ్గర వానాకాలంలో మొలిచి మూడు నాలుగు అడుగులు పెరుగుతుంది. మిట్టమధ్యాహ్నం విచ్చుకొని, మర్నాటి తెల్లవారికి ముడుచుకొని, రేకలు విడిపోకుండా పువ్వు మొత్తంగా రాలుతుంది. ఎత్తు మళ్లలో దానికి తేమ చాలదు కనుక స్నానాల గది నీరు పారే మూలలో, నల్లరేగడిలోనే నేరుగా చల్లాం. విత్తనాలు గట్టివి, రాత్రంతా గోరువెచ్చని నీటిలో నానబెట్టి, ఆరుద్ర కార్తెలో చల్లితే భాద్రపదంలో పూత మొదలై కార్తీకం దాకా నడిచింది. గులాబీ పూత పలచబడే నెలల్లో, గులాబీకి గిట్టని తేమ మూలలో ఎర్రని పూలు నిలిచాయి. ఈ తోటలో నాకు అన్నిటికన్నా ఎక్కువ సంతృప్తినిచ్చిన మొక్క ఇదే. విత్తనం కోసం చాలా వెతకవలసి వచ్చింది కాబట్టి రెండో ఏడాది నుంచి కాయలు ముదిరి గోధుమ రంగుకు రాగానే, పగలకముందే కోసి దాచడం యజమానురాలు తన పనిగా పెట్టుకున్నారు.

కాశీరత్నాన్ని కంచె మీదికి పాకించాం. దువ్వెన పళ్లలా చీలిన సన్నని ఆకులు, ఎర్రని నక్షత్రాల వంటి పూలు. దాని గింజ రాలిన చోటల్లా మొలుస్తుంది కనుక గులాబీ మళ్లకు పది అడుగుల దూరంలో ఉంచాలి. దగ్గరైతే ముళ్ల మధ్య అల్లుకొని తీయడానికి వీలుపడదు. పడమటి గోడ నీడలో టోరేనియా వేశాం, అది వానల్లో తెరిపి లేకుండా పూసింది.

ముద్దగోరింట గురించి ఒక హెచ్చరిక చేయాలి. మన పెరళ్లకు అది అందం. కానీ వేరుముడత నులిపురుగులు దాని వేళ్లను చాలా ఇష్టపడతాయి; కోడిజుట్టు పువ్వుదీ అదే తీరు. ఈ రెండింటినీ గులాబీ మళ్లలో ఏటా వేస్తే నులిపురుగులు పెరిగి గులాబీ వేళ్ల మీదికి వస్తాయి. పాత గుంటలు తవ్వినప్పుడు వేళ్ల మీద బుడిపెలు కనిపించాయి. ఆ గుంటల పక్కనే ఎన్నో ఏళ్లుగా ముద్దగోరింట ఉండేదని ఇంటివాళ్లు చెప్పారు. అందువల్ల ముద్దగోరింటను వీధి వైపు కుండీలకు మార్చి, గులాబీల మధ్య మొదటి వానాకాలమంతా పొట్టి రకం బంతిని దగ్గరదగ్గరగా వేశాం. బంతి వేళ్లలోని పదార్థాలు ఈ నులిపురుగులను అణచుతాయి; అయితే నాలుగైదు మొక్కలు అక్కడక్కడా గుచ్చితే ఫలితం ఉండదు, నేల నిండా వేసి మూడు నెలలైనా ఉంచాలి.

చలికాలం, వేసవి

చిత్త, స్వాతి కార్తెలు చలికాలపు పూలకు అదను. డ్రమండ్ ఫ్లాక్స్‌ను నారు పోసి నాటాం. థామస్ డ్రమండ్ అనే మొక్కల సేకర్త 1835లో టెక్సాస్ నుంచి పంపిన విత్తనాలతో లోకమంతా పాకిన పువ్వు ఇది. వెచ్చని నేలది కనుక మన చలికాలం దానికి సుఖంగా ఉంటుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఓల్డ్ బ్లష్ పాదాల దగ్గర తెలుపు, లేత గులాబీ, ఊదా రంగుల్లో పరచుకుంది. నీలిరంగు కోసం లార్క్‌స్పర్, నైజెల్లా వేశాం. గులాబీల్లో అసలైన నీలం లేదు కాబట్టి ఆ రంగు పక్కన ఉంటే ఎడ్వర్డ్ రంగు మరింత తేటగా కనిపిస్తుంది. నైజెల్లా మన వంటింటి నల్లజీలకర్రకు దగ్గరి చుట్టం. ఈ రెండింటికీ తల్లివేరు కదిలితే గిట్టదు. నారు పోయకూడదు, నేరుగా చల్లాలి. నేల చల్లబడితేనే మొలుస్తాయి కనుక విత్తనాలను రెండు వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, నవంబరు రెండో వారం దాటాక చల్లాం. నైజెల్లా బాగా వచ్చింది. లార్క్‌స్పర్ మొలక పలచగా వచ్చి, ఫిబ్రవరి ఎండకు త్వరగా ముగిసింది. విజయవాడ, గుంటూరుల్లో దాన్ని ప్రధాన పువ్వుగా నమ్ముకోవద్దని చెబుతాను. దాని గింజలు విషపూరితం కనుక చిన్నపిల్లలున్న ఇంట్లో అసలే వద్దు.

వేసవి భారం బొగడబంతిది, గడ్డిగులాబీది. రెండూ సి4 పద్ధతిలో ఆహారం తయారుచేసుకొనే మొక్కలు. మండే ఎండలో, తక్కువ నీటితో పెరిగే శక్తి వాటికి అందులోంచి వస్తుంది. ఫిబ్రవరిలో నారు పోసిన బొగడబంతి ఏప్రిల్ నాటికి గులాబీల మొదళ్ల చుట్టూ నేలను కప్పి చల్లగా ఉంచింది. గులాబీ వేళ్లతో నీటి కోసం పోటీ పడకుండా మొక్క మొదలు నుంచి జానెడు ఎడం ఉంచి, ఆ ఎడంలో మినప పొట్టు మూడంగుళాల మందాన పరిచాం. ఏప్రిల్ రెండో వారం నుంచి తొలకరి దాకా పడమటి వైపు మాత్రమే పచ్చని నీడవల నిలువుగా కట్టాం. పైన కప్పలేదు. ఉదయపు ఎండ తగలని గులాబీ వేసవి తర్వాత కోలుకోవడానికి ఎక్కువ సమయం తీసుకుంటుంది.

మిరప చేలు, తామర పురుగులు

గుంటూరు చుట్టుపక్కల గులాబీ పెంచేవారికి బెంగళూరు పుస్తకాలు చెప్పని సమస్య ఒకటుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో మిరప కోతలు ముగిసి చేలు ఎండుతున్నప్పుడు, అక్కడి తామర పురుగులు పచ్చదనం వెతుక్కుంటూ పెరళ్ల మీదికి వస్తాయి. మిరపలో రైతులు పై ముడత అనే లక్షణమే గులాబీ చిగురులోనూ కనిపిస్తుంది: ఆకు అంచులు పైకి దొప్పలా ముడుచుకొని, కింది భాగం కంచు రంగుకు మారి, మొగ్గలు విచ్చుకోకుండానే అంచులు మాడతాయి. ఈ తోటకు రెండో ఏడాది ఫిబ్రవరి చివర ఈ దాడి తీవ్రంగా వచ్చింది. లేత రంగు, మందపు రేకల పూలు ముందుగా దెబ్బతిన్నాయి. ఒంటి రేకల మ్యూటబిలిస్‌కు నష్టం తక్కువ.

దెబ్బతిన్న మొగ్గలను తుంచి సంచిలో మూసి పారవేయడం, మొక్క ఎత్తున నీలిరంగు జిగురు అట్టలు కట్టడం, వారానికి రెండుసార్లు ఉదయం ఆకుల అడుగు భాగానికి తగిలేలా నీటిని వేగంగా కొట్టడం, వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు కలిపి చల్లడం, ఈ నాలుగూ కలిపి చేశాం. తీవ్రత తగ్గని మళ్లలో మాత్రమే స్పైనోసాడ్ అనే పురుగుమందును ఒక విడత, తేనెటీగలు వెళ్లిపోయాక పొద్దుగూకే వేళ చల్లించాం. మూడో ఏడాది మరో మార్పు చేశాం. సంక్రాంతి పూత అయ్యాక జనవరి చివర తేలికపాటి కత్తిరింపు చేయడం మానేశాం. ఆ కత్తిరింపు వల్ల వచ్చే లేత చిగురు సరిగ్గా పురుగు వచ్చే వేళకు సిద్ధమవుతుంది. చిగురు లేకపోతే పురుగుకు నిలిచే చోటు తక్కువ. ఒక విడత పూత తగ్గినా మొక్కలు వేసవికి బలంగా చేరాయి. మిరప ప్రాంతంలో గులాబీ పెంచే ప్రతివారూ ఈ ఒక్క పద్ధతిని పాటించాలని గట్టిగా చెబుతున్నాను.

బూడిద తెగులు జనవరి మంచుకు కొద్దిగా వచ్చింది. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాముల చొప్పున చల్లితే పోయింది; ఎండ 32 డిగ్రీలు దాటిన రోజుల్లో గంధకం వాడితే ఆకు మాడుతుంది. నల్లమచ్చ వానల్లో వస్తుంది, రాలిన ఆకులు ఏరివేయడమే దానికి ముఖ్యమైన మందు.

మూడో ఏడాది చివరికి

ఎడ్వర్డ్, ఓల్డ్ బ్లష్, క్రామోయిజీ సుపీరియర్ మూడూ పూర్తిగా స్థిరపడ్డాయి. మే నెలలో ఆకు చిన్నదై, పూత తగ్గినా కొమ్మ ఎండలేదు. మ్యూటబిలిస్ ఆరడుగుల పొదగా పెరిగి, దానికి ఇచ్చిన చోటు చాలక పక్క వరుసను తోసుకొస్తోంది. గ్రూస్ ఆన్ టెప్లిట్జ్ వాసనలో ఎడ్వర్డ్‌కు దీటుగా నిలిచింది. దాని మెడ మెత్తన కనుక పువ్వు తలవంచుకుంటుంది, కోసి పెట్టుకొనేవారికి అది నచ్చకపోవచ్చు. లేడీ హిల్లింగ్డన్ పూత చలికాలంలోనే బాగుంది, వేసవిలో రేకల రంగు వెలిసి పూటలో రాలిపోయింది. మరెషాల్ నీల్ పందిరి ఎక్కడం ఇప్పుడే మొదలుపెట్టింది. సువెనీర్ ద లా మాల్‌మేజాన్ మాత్రం ఇక్కడి తేమకు తగలేదు. అక్టోబరు వానల్లో దాని మొగ్గలు బయటి రేకలు అంటుకుపోయి విచ్చుకోకుండానే కుళ్లుతాయి. డిసెంబరు, జనవరిలో పూసే కొద్ది పూల కోసం ఏడాదంతా చోటు ఇవ్వడం ఈ చిన్న పెరటికి భారం. దాన్ని తీసి, ఆ చోటు మ్యూటబిలిస్‌కే వదిలాం.

ఇప్పుడు మిగిలింది మంకెన ఉన్న తేమ మూల. గులాబీ అక్కడ బతకదని మొదట వదిలేసిన చోటు అది. కానీ మన దేశపు అడవి గులాబీల్లో రోజా క్లైనోఫిల్లా నీటి అంచుల్లో, వరదకు మునిగే నేలల్లో పెరుగుతుంది. ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందుగానే పదవీ విరమణ చేసి కొడైకెనాల్‌లో స్థిరపడిన ఎం.ఎస్. వీరరాఘవన్ దాన్నీ, మణిపూర్ కొండల రోజా జైగాంటియానూ తల్లిదండ్రులుగా తీసుకొని వెచ్చని దేశాలకు తగిన గులాబీలను సృష్టించారు. యూరప్ గులాబీకి మన వేడిని నేర్పడం కన్నా మన అడవి గులాబీతో మొదలుపెట్టడమే సరైన దారి అన్న ఆయన ఆలోచనను నేను పూర్తిగా నమ్ముతాను. క్లైనోఫిల్లా సంతతికి చెందిన మొక్క ఒకటి సంపాదించి ఆ మూలలో, నేలను ఎత్తు చేయకుండా, ఎర్రమట్టి కలపకుండా, పునర్వసు కార్తెలో నాటబోతున్నాం. దాని చుట్టూ అయిదడుగుల మేర ఈ ఏడు మంకెన చల్లం. మిగిలిన మూలంతా ఎప్పటిలాగే చల్లుతాం.